ముందు సీటు

ప్రశ్న అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు వకుళమ్మగారికి లేదు. సామర్లకోటలో రైల్వే గేటు అవతల, ఒక మేడ మీది గదిలో ఆవిడ ప్రతి ఆదివారం సాయంత్రం గీత చెప్పేవారు. వినడానికి వచ్చేవాళ్ళంతా సంసారాలు మోస్తున్న పెద్దవాళ్ళే. శ్లోకం గురించి అడిగినా, ఇంటి సంగతి అడిగినా ఆవిడ తల ఊపి "విన్నాను" అనేవారు. జవాబు మరుసటి ఆదివారం వచ్చేది, లేదా నెల తరవాత వచ్చేది, ఒక్కోసారి అసలు రాకుండానే పోయేది. వచ్చినప్పుడు మాత్రం అది శాస్త్రంలోంచి కాక, ఎవరికో జరిగిన ఒక సంగతిలోంచి వచ్చేది.

ఒక ఆదివారం నరహరి అనే శిష్యుడు పాఠం అయిపోయాక కూడా లేవకుండా కూర్చున్నాడు. అతనికి ఊళ్ళో మందుల దుకాణం ఉంది. తండ్రి ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాడు. జీవితమంతా బస్సులో ఊళ్ళ పేర్లు అరిచిన మనిషికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయినంత పనయింది. నరహరి ఆయనకి స్నానం చేయిస్తాడు, గడ్డం గీస్తాడు, అన్నం కలిపి నోట్లో పెడతాడు. ఎవరైనా పలకరించడానికి వస్తే తండ్రి తరఫున తనే మాట్లాడతాడు. కొడుకంటే ఇలా ఉండాలని ఊరంతా అంటుంది. కానీ ఈమధ్య ఆ ముసలాయన కొడుకు గదిలోకి రాగానే ముఖం గోడవైపు తిప్పేసుకుంటున్నాడు. "ఇంతకన్నా ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదమ్మా. నా సేవలో లోపం ఎక్కడుంది?" అని అడిగాడు. వకుళమ్మగారు విన్నానన్నారు. తరవాతి రెండు ఆదివారాలూ ఆ ఊసు ఎత్తలేదు. మూడోసారి పాఠం పక్కన పెట్టి, మా వీధిలో ఉండే ఇందుమతికి జరిగింది ఒకటి చెబుతాను, చెప్పవచ్చా అని ఆవిడనే అడిగి వచ్చాను అంటూ మొదలుపెట్టారు. వకుళమ్మగారు చెప్పినది ఇది.

ఇందుమతి కూతురు ప్రణవి. ఆ పిల్లకి పదకొండేళ్ళు. పుట్టుకతోనే కాళ్ళు స్వాధీనంలో లేవు, చేతులు తన ఇష్టప్రకారం కదలవు. బుద్ధికేమీ లోటు లేదు. లెక్కలంటే ఇష్టం, ఎవరైనా గొప్పలు చెప్పుకుంటే నవ్వుతుంది. కాని మాట నోట్లోంచి ముద్దగా వస్తుంది. ఒక్కో అక్షరం కోసం మెడ, భుజాలు, నడుము అన్నీ కష్టపడాలి. ఆ మాట తల్లికి తప్ప ఎవరికీ పూర్తిగా తెలియదు. తండ్రి రామ్మోహన్‌కి సగం తెలుస్తుంది, మిగతా సగానికి భార్య వైపు చూస్తాడు. డాక్టరు దగ్గర, బడిలో, బంధువుల ఇళ్ళలో ప్రణవి ఏమందో ఇందుమతే చెప్పాలి. "నువ్వు లేకపోతే దానికి నోరే లేదు" అని అత్తగారు అంటే ఇందుమతికి దిగులుగానూ ఉండేది, లోపల ఎక్కడో గర్వంగానూ ఉండేది.

విశాఖపట్నం శివార్లలో కొండని ఆనుకుని కట్టిన వినోద పార్కు ఒకటి ఉంది. అందులోని నీళ్ళ పడవని ప్రణవి టీవీలో చూసింది. మనుషుల్ని ఎక్కించుకుని ఆ పడవ పట్టాల మీద మెల్లగా పైకి పాకుతుంది, శిఖరం మీద ఒక క్షణం ఆగుతుంది, అక్కణ్ణుంచి ఒక్కసారిగా కింద మడుగులోకి జారుతుంది. నీళ్ళు రెండువైపులా గోడల్లా లేస్తాయి. ఆ రోజు నుంచి ఆ పిల్లకి అదే ధ్యాస. ఇందుమతి ఎండలన్నది, తరవాత వానలన్నది, సెలవుల్లో జనం ఎక్కువన్నది. చివరికి రామ్మోహన్ డాక్టరుని అడిగి వచ్చాడు. పక్కన ఒకరు పట్టుకుని కూర్చుంటే నిక్షేపంగా ఎక్కవచ్చన్నాడాయన. ఇక చెప్పడానికి సాకు దొరకలేదు. ముగ్గురూ పొద్దున్న రైలెక్కారు.

పార్కులో ముందుగా ఎక్కడికి వెళ్ళాలో ఇందుమతే నిర్ణయించింది. బొమ్మ రైలు ఎక్కించింది, రంగులరాట్నం పక్కన నిలబెట్టి ఫొటోలు తీసింది, తోలుబొమ్మలు ఆడించే చల్లటి గదిలో చాలాసేపు కూర్చోబెట్టింది. ప్రణవి అన్నిటికీ సరేనంది. కాని నీళ్ళ చప్పుడు, దాని వెంట జనం కేకలు వినబడ్డప్పుడల్లా ఆ పిల్ల మెడ అటు తిరిగిపోయేది. ఆఖరికి రామ్మోహనే చక్రాల కుర్చీని అటువైపు తోశాడు. కుర్చీలవాళ్ళు వెళ్ళడానికి పక్కనుంచి ఏటవాలు దారి ఉంది. పైకి చేరాక, సంచులూ చెప్పులూ లోపలికి తేకూడదంటే, వాటిని అలమరలో పెట్టి రావడానికి అతను వెనక్కి వెళ్ళాడు.

గేటు దగ్గర నీలం టోపీ పెట్టుకున్న అమ్మాయి ఉంది. పాపని ఎక్కించవచ్చనీ, పక్కన పెద్దవాళ్ళు ఒకరు కూర్చోవాలనీ, నడుముకి బెల్టు ఉంటుందనీ చెప్పింది. అయితే ఎక్కేవాళ్ళు ఎవరైనా సరే ఇష్టమని తమ నోటితో చెప్పాలట, అది ఇక్కడి పద్ధతట. ఆ అమ్మాయి కుర్చీ ముందు వంగి ఎక్కుతావా పాపా అని అడిగింది. ప్రణవి ఒళ్ళంతా బిగుసుకుంది. మెడ ఒక పక్కకి వంకర తిరిగింది, పెదవులు రెండుసార్లు తెరుచుకుని మూసుకున్నాయి, అప్పుడు మాట వచ్చింది. నీలం టోపీ అమ్మాయికి అది ఉత్త శబ్దం. ఇందుమతికి మాత్రం స్పష్టంగా వినబడింది. "ఎక్కుతా. ముందు సీట్లో కూర్చుంటా."

టోపీ అమ్మాయి ఏమంటోందన్నట్టు తల్లి వైపు చూసింది. సరిగ్గా అప్పుడే పైనుంచి పడవ జారింది. నీళ్ళు లేచాయి. పడవలో ముందు కూర్చున్న ఎవరో ఆడమనిషి తల వెనక్కి విసురుగా వాలడం ఇందుమతి కంటపడింది. నిలపలేని తన కూతురి మెడ గుర్తొచ్చింది. డాక్టరు చెప్పిన మాట ఆ క్షణంలో ఎక్కడికి పోయిందో తెలియదు. "భయమేస్తోందట. వద్దంటోంది" అంది.

పర్వాలేదు, ఇంకోసారి వస్తుందిలెండి అని ఆ అమ్మాయి వెనకవాళ్ళని పిలిచింది. ప్రణవి ఏడవలేదు, గింజుకోలేదు. తల మెల్లగా పైకెత్తి, తెలియని మనిషిని చూసినట్టు తల్లిని చూసింది. తరవాత నోరు మూసుకుంది.

రామ్మోహన్ తిరిగొచ్చి ఏమైందని అడిగితే, భయపడిందని చెప్పింది ఇందుమతి. ఒకసారి ఆడిన అబద్ధం రెండోసారికి ఇంకా తేలిగ్గా వచ్చింది. అతను కూతురి తల నిమిరి, చూసి వెళ్ళడం కూడా సరదాయేలే అన్నాడు. చెట్టు నీడన కూర్చుని పులిహోర డబ్బా విప్పారు. మామూలుగా అయితే ప్రణవి తల్లితో తెరిపి లేకుండా మాట్లాడుతూనే ఉంటుంది. ఎవరి టోపీ వంకరగా ఉందో, ఎవరి పిల్లాడు మారాం చేస్తున్నాడో అన్నీ చెప్పి, తండ్రికి కూడా చెప్పమంటుంది. ఇప్పుడు ఒక్క మాట లేదు. మంచినీళ్ళు కావాలా అన్నా పలకలేదు, ఎండగా ఉందా అన్నా పలకలేదు. అన్నం పెడితే తింది. అలవాటు కొద్దీ రామ్మోహన్ ఏమంటోందని అడిగాడు. ఏమీ అనడం లేదంది ఇందుమతి. ఆ పిల్ల నోట్లోంచి వచ్చే ప్రతి శబ్దానికీ ఆవిడ దగ్గర అర్థం ఉండేది. ఈ ఊరుకోవడానికి మాత్రం అర్థం చెప్పుకోవడం ఆవిడకి ఇష్టం లేకపోయింది, ఎందుకంటే అది బాగా అర్థమైంది.

ఐస్‌క్రీము బండి అటుగా వచ్చింది. బండివాడు పాపకి ఏది ఇవ్వమంటారమ్మా అని అడిగాడు. వెనిల్లా అని చెప్పబోయి ఇందుమతి ఆగిపోయింది. అది నిజంగా ప్రణవికి ఇష్టమైనదో, బట్టల మీద మరక పడదని తను ఎప్పుడో అలవాటు చేసినదో ఆవిడకి ఉన్నట్టుండి అనుమానం వచ్చింది. ఇలా ఇంకెన్ని మాటలు దాని పేరు మీద తను చెప్పిందో అనుకుంది. ఏమీ వద్దని బండివాణ్ణి పంపేసింది. లేచి వచ్చి కూతురి కుర్చీ ముందు మట్టిలో కూర్చుంది. "నువ్వు ఎక్కుతానన్నావు. నాకు వినబడింది. భయమేసింది నాకు. నీకని చెప్పాను" అంది. ప్రణవి చెట్టు వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇందుమతి తనే కుర్చీ తోసుకుంటూ మళ్ళీ ఆ ఏటవాలు దారి ఎక్కింది. సంచులు మళ్ళీ అలమరలో పెట్టి రామ్మోహన్ వెనకే వచ్చాడు. గేటు దగ్గర అప్పటికి జనం పెరిగారు. అదే టోపీ అమ్మాయి ఉంది. "ఇందాక మా అమ్మాయి వద్దనలేదమ్మా. ఎక్కుతానంది. వద్దన్నది నేను" అంది ఇందుమతి. లైనులో ఉన్నవాళ్ళు నలుగురు తలలు తిప్పి చూశారు. ఆవిడ చెవులు కాలిపోయాయి గాని తల దించుకోలేదు. టోపీ అమ్మాయి తప్పొప్పులేమీ ఎంచలేదు. ఇందాకటిలాగే కుర్చీ ముందు వంగి, ఎక్కుతావా అని ప్రణవినే అడిగింది.

ఇందుమతి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ తరవాత గడిచిన సమయం తన జీవితంలో కష్టమైన వాటిలో ఒకటని ఆవిడ వకుళమ్మగారితో అన్నది. ప్రణవి మాట కూడదీసుకుంటోంది. ఖాళీగా ఉన్న పడవ ఒకటి వేరేవాళ్ళతో వెళ్ళిపోయింది. వెనకనుంచి ఎవరో ఇంకెంతసేపని విసుక్కున్నారు. మొదటి మాట ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంది. రెండోసారీ అర్థం కాలేదు. అర్థం ఇందుమతి నాలిక చివరే ఉంది, పెదవులు బిగించి పట్టుకుంది. మూడోసారికి ఆ అమ్మాయి "ముందు సీటా?" అంది. ప్రణవి ముఖమంతా విప్పారింది. మరి పక్కన ఎవరు కూర్చోవాలని ఆ అమ్మాయి అడిగింది. ఈసారి మాట తొందరగానే వచ్చింది, ఎవరికైనా తెలిసేటట్టే వచ్చింది. "నాన్న."

రామ్మోహన్ కూతుర్ని ఎత్తుకుని పడవ ఎక్కాడు. ఇందుమతి కమ్మీ పట్టుకుని నిలబడింది. పక్కన ఖాళీ కుర్చీ ఉంది. పడవ పైకి పాకింది, ఆగింది, జారింది. నీళ్ళు లేచి ఏమీ కనబడలేదు. అందరి కేకల మధ్య నుంచి ప్రణవి గొంతు ఆవిడకి విడిగా వినబడింది. అది భయమో సంతోషమో తేల్చుకోలేకపోయింది. ఆ పిల్ల పుట్టాక దాని గొంతు తనకి అర్థం కాకపోవడం అదే మొదలు. కమ్మీ వదలకుండా ఆవిడ అక్కడే నిలబడింది.

తడిసి ముద్దయి వచ్చారిద్దరూ. ప్రణవి తండ్రితో ఏదో చెబుతోంది, అతను చెవి దగ్గర పెట్టి మళ్ళీ చెప్పమంటున్నాడు. సగం తెలిసింది. మిగతా సగానికి ఎప్పటిలాగే ఇందుమతి వైపు చూశాడు. ఆవిడకి అక్కణ్ణుంచే పూర్తిగా వినబడింది. "దాన్నే అడగండి" అంది. అతను అడిగాడు. తెలుసుకోవడానికి కొంచెం సేపు పట్టింది. తెలిశాక పెద్దగా నవ్వి, కూతుర్ని ఎత్తుకుని మళ్ళీ లైను చివరికి నడిచాడు.

అక్కడికి వకుళమ్మగారు ఆపారు. ఒకావిడ, ఆ పిల్ల తల్లితో మళ్ళీ మాట్లాడిందా అని అడిగింది. తిరుగు రైల్లో మాట్లాడిందట అన్నారు వకుళమ్మగారు. ఏమందని నేనూ అడిగాను, కాని ఇందుమతి చెప్పలేదు, "అది నాతో అన్న మాట అమ్మగారూ" అని ఊరుకుంది అన్నారు.

అందరూ మెట్లు దిగి వెళ్ళిపోయాక నరహరి మిగిలాడు. మా నాన్న తరఫున నేను ఏమేం చెబుతుంటానో ఇందాకటి నుంచీ గుర్తు తెచ్చుకుంటున్నానమ్మా అన్నాడు. చూడటానికి వచ్చినవాళ్ళతో ఆయనకి ఓపిక లేదని చెబుతాడట, టీవీ అంటే చిరాకని చెబుతాడట, వీధి అరుగు మీద కూర్చోవడం ఆయనకి ఇష్టం లేదని చెబుతాడట. ఇవన్నీ ఆయన ఎప్పుడు అన్నారో ఎంత ఆలోచించినా జ్ఞాపకం రావడం లేదన్నాడు. వకుళమ్మగారు పుస్తకానికి గుడ్డ చుడుతూ విన్నారు.

"కాని మీకు తెలుసు కదమ్మా ఆయన పరిస్థితి. ఒక్క మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పడుతుంది" అన్నాడు నరహరి.

"అయితే చాలాసేపు కూర్చో నాయనా" అన్నారు వకుళమ్మగారు.