నూకాలు ముట్టని నీళ్ళు

అనగనగా, మన తాతల తాతలు ఇంకా పుట్టని కాలంలో, ఏటి మలుపున ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకాలని ఒక మనిషి. చాప అల్లితే పూట గడిచేది, లేకపోతే లేదు. నోరు మాత్రం పెద్దది. కోడిపుంజు కంటే ముందు ఆమె కేకలకే మెలకువ వస్తుందని ఊరు నవ్వుకునేది.

ఒక ఏడు ఆ ఊరికి వాంతులూ భేదులూ పట్టే జబ్బు వచ్చింది. సొంతవాళ్ళే దగ్గరికి రావడానికి జంకారు. నూకాలు జంకలేదు. పిలిచిన ఇంటికల్లా వెళ్ళింది. వాంతులు ఎత్తింది, గుడ్డలు ఉడకేసింది, ఉప్పుగంజి గుక్కగుక్కగా తాగించింది.

ఆమెకి ఒకటే పట్టు. జబ్బున్న ఇంట్లో మెతుకు ముట్టదు, నీళ్ళు ముట్టదు. బయటికొచ్చి మోచేతుల దాకా బూడిదతో తోముకుని, తన ఇంటికి పోయి తింటుంది. తల్లి నేర్పిన పట్టు అది. ఆ తల్లికెవరు నేర్పారో అడక్కండి, నాకు తెలీదు.

నాయుడుగారి ఇంట్లో ముసలాయన లేచి కూర్చున్నాడు. "అరిసె తినెల్లవే నూకాలూ" అన్నారు.

"ముట్టనమ్మా" అంది. వెళ్ళిపోయింది.

షావుకారుగారి ఇంట్లో పిల్ల లేచి కూర్చుంది. "మజ్జిగ తాగెల్లవే నూకాలూ" అన్నారు.

"ముట్టనమ్మా" అంది. వెళ్ళిపోయింది.

ఊరవతల పాకలో పైడితల్లి కొడుకు లేచి కూర్చున్నాడు. ఆ ఇంట మిగిలింది ఒక్క ముంత అంబలి. పైడితల్లి అదే తెచ్చి ఇచ్చింది.

"ముట్టనమ్మా" అంది నూకాలు.

పైడితల్లి ముఖం మాడిపోయింది. "పెద్దోల్లింట అయితే తాగుదువు అప్పా. మా సేతి అంబలి నీకెందుకు ఆనుతాది?" అని ఏడ్చింది.

నూకాలు ప్రాణం ఉసూరుమంది. ఆ పాకల్లో నీళ్ళు ఊళ్ళో ఎవరూ తాగరని ఆమెకి తెలుసు. పెద్దిళ్ళలోనూ ముట్టలేదని చెబితే నమ్ముతుందా? చేతులు కడుక్కొస్తానంటే అదీ తప్పుగానే తోస్తుంది. ముంత పట్టిన పైడితల్లి చేతులు ఇందాక ఏం ఎత్తాయో కూడా తెలుసు. అన్నీ తెలిసే అందుకుంది. "బాగుందే పైడీ" అని అడుగంటా తాగింది.

రెండు రోజులకి నూకాలు మంచం పట్టింది. ఊరంతా ఆమె లేపిన మనుషులే. వచ్చింది పైడితల్లి ఒక్కతే. వాంతులు ఎత్తింది, గుడ్డలు ఉడకేసింది, ఉప్పుగంజి గుక్కగుక్కగా తాగించింది. అందర్నీ లేపిన గంజి నూకాలుని లేపలేకపోయింది.

గొంతెండి, పైడితల్లి ఆ ఇంటి కుండలో నీళ్ళు ముంచుకోబోయింది. నూకాలు కళ్ళు తెరిచింది.

"ముట్టకే. మా ఇంట ఏటీ ముట్టకు. గుమ్మం కాడ బూడిదుంది. తోముకుని నీ ఇంటికాడ తిను. నాను సిన్నబుచ్చుకోనులే."

అవే ఆమె ఆఖరి మాటలు.

నూకాలు ఎందుకు ముట్టనందో పైడితల్లికి అప్పుడు తెలిసింది. గుండెలు బాదుకుంది. ఇంటింటికీ వెళ్ళి, "నా మాట పడలేక తాగింది" అని చెప్పింది. ఆ తర్వాత జబ్బున్న ఏ ఇల్లు పిలిచినా తనే వెళ్ళింది. దేన్నీ ముట్టలేదు. చాలాకాలం బతికింది.

ఇప్పటికీ ఆ ఏటి మలుపు ఊళ్ళల్లో జబ్బుమనిషిని చూడడానికి వచ్చినవాళ్ళకి ఇంట్లో మంచినీళ్ళు ఇవ్వరు. గుమ్మం బయట చెంబుడు వేడినీళ్ళు, పిడికెడు బూడిద పెడతారు. వచ్చినవాళ్ళు చేతులు తోముకుంటూ, "మీ ఇంట ఏమీ ముట్టలేదు, ఏమనుకోకండి" అంటారు. పెద్దిల్లయినా, పాకయినా, లోపలి నుంచి ఒకటే జవాబు వస్తుంది.

"సిన్నబుచ్చుకోంలే. నూకాలు సెప్పి ఎల్లింది."