దావీదు ముక్కలు

కొన్నాళ్లుగా పానకాలుకి అన్నం సహించడం లేదు. జబ్బేమీ కాదు. దావీదు గెలుస్తున్నాడు, అదీ సంగతి.

ఇద్దరూ చీరాలలో మహబూబ్ ఉస్తాద్ శిష్యులు. ఉస్తాద్ ఒకప్పుడు గోవా కేసినోలో మూడు ముక్కల పోకర్ బల్ల దగ్గర పేక పంచినవాడు. ఇప్పుడు ఇంట్లోనే చాప పరిచి, చింతగింజలు పందెంగా పెట్టి, తనే బ్యాంకుగా కూర్చుని ఆ ఆట నేర్పుతున్నాడు. చూపు మందగిస్తోంది కాబట్టి, తన చోటు ఇద్దరిలో ఒకరికి అప్పగిస్తానని చెప్పి ఉన్నాడు. పానకాలు ప్రాణమంతా ఆ చోటు మీదే ఉంది.

ఉస్తాద్ చెప్పే సూత్రం చిన్నదే.

"రాణి, ఆరు, నాలుగు. అంతకన్నా తక్కువ పడితే పెట్టిన గింజ వదులుకుని ముక్కలు కింద పెట్టెయ్. అంతో, అంతకు మించో పడితే ఇంకో గింజ కలిపి నిలబడు. ఇలా ఆడినా చివరికి పైచేయి బ్యాంకుదే. కాకపోతే నువ్వు తక్కువ పోగొట్టుకుంటావు."

పానకాలు ఏనాడూ ఆ గీత దాటలేదు. దావీదు మాత్రం ఏ ముక్కలు పడినా నవ్వుతూ నిలబడేవాడు. తీరా చూస్తే గింజల కుప్ప పెరిగేది వాడి ముందే. పైగా వాడు చెత్త ముక్కలతో గెలిచినప్పుడల్లా ఉస్తాద్ కూడా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే పానకాలుకి ఒళ్లంతా కారం రాసుకున్నట్టుండేది.

ఒక సాయంత్రం ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఆ ముక్కలే నాకు పడుంటేనా, ఉస్తాద్! వాడిదీ ఒక ఆటేనా? అంతా గుడ్డి అదృష్టం."

ఉస్తాద్ మళ్లీ పంచాడు. దావీదు చెయ్యి చాపేలోగా వాడి ముక్కలు తీసి పానకాలు ముందు పెట్టి, పానకాలువి వాడికిచ్చాడు.

పానకాలు ఆత్రంగా తీసి చూశాడు. జాకీ, తొమ్మిది, రెండు. ఒక్కోటి ఒక్కో రంగు. మరో ఆలోచన లేకుండా కింద పెట్టేశాడు.

ఉస్తాద్ అతని గింజ తీసుకుని బ్యాంకు ముక్కలు తిప్పాడు. పది, ఏడు, నాలుగు, అవీ వేర్వేరు రంగులు. బ్యాంకుకి రాణి కన్నా తక్కువ పడితే, నిలబడినవాడి దగ్గర ఏమున్నా గెలుపు వాడిదే.

"నేనైతే నిలబడేవాణ్ణి," అన్నాడు దావీదు.

పానకాలు మొహం మాడిపోయింది.

"నువ్వడిగినట్టు వాడి ముక్కలే ఇచ్చాను కదా," అన్నాడు ఉస్తాద్.

"సూత్రం ప్రకారం పెట్టేశాను, ఉస్తాద్. తప్పా?"

"తప్పు కాదు. మళ్లీ అవే పడితే?"

పానకాలు ఆ ముక్కలు మళ్లీ తీసి చూశాడు.

"మళ్లీ పెట్టేస్తాను."

"మరి వాడి మీద పడి దేనికేడుస్తున్నావు?"

ఉస్తాద్ మోకాలు పట్టుకుని లేచి, పేక కట్ట పానకాలు చేతిలో పెట్టాడు.

"ఇటొచ్చి కూర్చో. దావీదుకి నేర్పాల్సింది ఇంకా చాలా ఉంది."