నెటిల్ తిప్పిన బాణం

అనగనగా ఒక ఊరు. అడవి కాదు, ఊరే. అది కూడా మన దేశంలో కాదు, ఇంగ్లండులో. పేరు లిటిల్ పాడ్లింగ్. అక్కడ వాన ఎప్పుడు పడుతుందో చెప్పడం కష్టం, ఎప్పుడు పడదో చెప్పడం ఇంకా కష్టం. అయినా ఆదివారం వచ్చిందంటే చాలు, అమ్మానాన్నలు, పిల్లలు, అవ్వలు, తోపుడుబండిలో చంటివాళ్ళు, అందరూ కలిసి పొలాల వెంట నడకకి బయలుదేరతారు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుంటారు. ఏం పని మీద అని అడక్కండి. ఊరికే నడుస్తారు. చెరువు దగ్గర బాతుల్ని చూస్తారు, టీ తాగుతారు, ఇంటికొస్తారు. వాళ్ళకి అదో సరదా.

ఆ దారులు ఎవరెవరి పొలాల్లోంచో పోతాయి. రైతులు వద్దనరు. నడిచేవాళ్ళు మాత్రం రెండు మాటలు గుర్తుపెట్టుకోవాలి. తీసిన గేటు మళ్ళీ వేయాలి. చెక్క స్తంభం మీద పసుపు బాణం ఎటు చూపిస్తే అటే పోవాలి. ఆ ఊళ్ళో మనుషులే కాదు, జంతువులు కూడా ఆ బాణాల్నే నమ్ముకుని తిరుగుతాయి.

ఊరి చివర, చుట్టూ రాతిగోడ ఉన్న పచ్చికలో ఒక మేకపిల్ల ఉండేది. పేరు నెటిల్. అంటే వాళ్ళ భాషలో ముట్టుకుంటే దురదపెట్టే ఆకు. ఆ పేరు పెట్టినవాళ్ళకి ముందుచూపు ఎక్కువ. అదే పచ్చికలో హంఫ్రీ అనే ముసలి గాడిద కూడా ఉండేది. నెటిల్ దాన్ని తాతా అని పిలిచేది, తాత చెప్పిన మాట మాత్రం వినేది కాదు.

గోడ పక్కన దారి రెండుగా చీలుతుంది. కుడివైపు దారి చెరువుకి పోతుంది. చదునుగా ఉంటుంది, చంటిపిల్లల బండి కూడా హాయిగా పోతుంది. ఎడమవైపు దారి నెటిల్ గోడను రాసుకుంటూ పల్లంలోకి దిగి బురదగుంటలో కలుస్తుంది. గుంటకి అడ్డంగా ఒక పాత దుంగ పడి ఉంది. గుంట అవతల పొదల్లో నక్క కాపురం. ఆదివారమని దానికి సెలవేమీ లేదు.

చీలిక దగ్గరే గోడని ఆనుకుని స్తంభం, దాని మీద బాణం. ఒకరోజు గాలికి బాణం మేకు ఒకటి ఊడిపోయింది. మిగిలిన మేకు మీద బాణం వదులుగా ఊగుతోంది. నెటిల్ గోడెక్కి కొమ్ముతో ఒక్క తోపు తోసింది. బాణం కుడి నుంచి ఎడమకి తిరిగింది. నెటిల్‌కి ఈ ఆట భలే నచ్చింది.

కాసేపటికి పెంబ్లీ అనే పెద్దమనిషి భార్యతో, కొడుకుతో వచ్చాడు. ఆయన చేతిలో మ్యాపు ఉంది.

"మ్యాపులో చెరువు కుడివైపు కదా ఉంది," అంది ఆయన భార్య.

"మ్యాపు పాతది. బాణం కళ్ళముందుంది," అన్నాడు పెంబ్లీ, ఎడమవైపు దారి పట్టాడు.

వెళ్ళేటప్పుడు పిల్లవాడికి రెండు బూట్లున్నాయి. వచ్చేటప్పుడు ఒకటే ఉంది. దారి తప్పామని వాళ్ళు ఒప్పుకుంటారా? "మంచి నడకయింది," అనుకుంటూ గోడ మీద కూర్చుని శాండ్‌విచ్‌ల డబ్బా తెరిచారు. నెటిల్ గభాలున కడుపు లోపలికి పీల్చి, చెవులు వేలాడేసి, ఏడాదిగా తిండి లేనట్టు వాళ్ళ ముందు నిలబడింది. పిల్లవాడు జాలిపడి తన వాటా అంతా పెట్టేశాడు.

"తాతా, చూశావా? ఇకనుంచి నేను తిండి దగ్గరికి పోనక్కర్లేదు. తిండే నా దగ్గరికి నడిచొస్తుంది," అంది నెటిల్.

హంఫ్రీ నెమ్మదిగా గడ్డి నమిలి మింగింది. "ఏమే, ఆ బాణం నీ ఆటవస్తువు కాదు. దాన్ని నమ్ముకుని పిల్లలతో నడుస్తారు జనం."

"నేనెవర్నీ తోయలేదే. బాణం చూపించాను. నడిచింది వాళ్ళు," అంది నెటిల్. ఆ మాట దానికే ఎంతో తెలివైన మాటగా తోచింది.

వారంలో గాలికి ఊగి బాణం మళ్ళీ కుడివైపుకి వచ్చింది. ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే నెటిల్ దాన్ని మళ్ళీ ఎడమకి తిప్పింది. ఈసారి ఒక అవ్వ మనవరాల్ని బండిలో తోసుకుంటూ వచ్చింది. బండి చక్రాలు బురదలో దిగబడిపోయాయి. అవ్వ లాగీ లాగీ అలిసిపోయి, పాపం, గోడ మీద చతికిలబడి కేకు డబ్బా తెరిచింది. కేకు సగం నెటిల్ తినేసింది. అవ్వ కళ్ళజోడు తుడుచుకుంటుంటే గడ్డితో అల్లిన ఆమె టోపీ కూడా నమిలేసింది. కడుపు నిండి, కళ్ళు మూతలుపడి, బాణం సంగతి మరిచిపోయి నిద్రపోయింది.

సాయంత్రం కిచకిచలు వినిపించి లేచింది. గోడ పక్కన మేబెల్ బాతు వెళుతోంది. దాని వెనక బారుగా పసుపుపచ్చ పిల్లలు. పుట్టిన మర్నాడే పిల్లల్ని నీళ్ళలోకి తీసుకుపోవడం బాతుల ఆనవాయితీ. మేబెల్ చెరువు నుంచి ఎగిరి వచ్చి కంచెపొదలో గుడ్లు పెట్టింది. ఎగిరే దారి దానికి బాగా తెలుసు. నడిచే దారి ఇదే మొదటిసారి. అందుకే బాణం చూసుకుంటూ, మెడ చాచి, గర్వంగా నడుస్తోంది, పల్లంవైపు.

నెటిల్‌కి అప్పుడు బాణం గుర్తొచ్చింది. మనుషులకైతే ఆ గుంట బురదే. కానీ బాతులు బురదకి ఆగవు. దుంగ మీదుగా తిన్నగా నక్క ఇంటి గుమ్మంలోకి పోతాయి.

"పిన్నీ, ఆగు. చెరువు అటు కాదు," అని అరిచింది.

మేబెల్ ఆగలేదు. "మొన్న వడగళ్ళ వానొస్తోందని నన్ను గుడ్ల మీద పొద్దంతా ఆకలితో కూర్చోబెట్టావు. ఎండ కాసింది. పిల్లలూ, పదండి."

"నిజం పిన్నీ. బాణాన్ని నేనే తిప్పాను."

"చూశారా పిల్లలూ, ఎలా నవ్వులాటలాడుతుందో," అంది మేబెల్. "గుర్తుపెట్టుకోండి. బాణం అబద్ధం చెప్పదు. నెటిల్ చెబుతుంది."

నెటిల్‌కి గోడ దూకడం చేతకాక కాదు. తిండి గోడ దగ్గరికే వస్తుంటే దూకేదెందుకని ఊరుకుంది, అంతే. ఇప్పుడు ఒక్క దూకు దూకింది. బాతుల పక్కనుంచి పరుగెత్తి, వాటికంటే ముందు దుంగ ఎక్కి అడ్డంగా నిలబడింది.

"దారికి అడ్డం లే," అంది మేబెల్ కోపంగా.

అప్పుడే అవతలి పొదలు కదిలాయి. నక్క బయటికొచ్చి, తోక ముందుకి చుట్టుకుని మర్యాదగా కూర్చుంది. "నడకకి వచ్చారా మేబెల్‌గారూ? చాలా సంతోషం. పిల్లల్ని కూడా తీసుకొచ్చారు," అంది.

మేబెల్ రెక్కలు విప్పి పిల్లల్ని వెనక్కి తోసింది. నక్క దుంగెక్కింది. నెటిల్ తల దించి కొమ్ములు చూపించింది. వెనక కాళ్ళు దుంగ మీంచి జారి బురదలో దిగబడ్డాయి. ముందు కాళ్ళు మాత్రం వదల్లేదు. కొమ్ములు కూడా పక్కకి తిప్పలేదు.

పైన గోడ దగ్గర్నుంచి హంఫ్రీ ఓండ్ర పెట్టింది. ఊరు ఊరంతా వినపడేలా పెట్టింది. ఇంటికి మళ్ళిన పెంబ్లీ కుటుంబం ఏమైందోనని పరుగెత్తుకుంటూ వచ్చింది. మనుషుల్ని చూసి నక్క దుంగ దిగి పొదల్లోకి జారుకుంది. పెంబ్లీ తన మ్యాపుని బురద మీద పరిచి, దాని మీద కాలు పెట్టి, నెటిల్‌ని కొమ్ములు పట్టి బయటికి లాగాడు. ఆ మ్యాపు మొదటిసారి పనికొచ్చింది. మేబెల్ పిల్లల్ని వెనక్కి మళ్ళించి చెరువు దారి పట్టింది.

మర్నాడు పెంబ్లీ సుత్తి తెచ్చి బాణాన్ని కుడివైపుకి తిప్పి, కదలకుండా మేకులు కొట్టాడు. ఆదివారాలు జనం నేరుగా చెరువుకే పోతున్నారు. నెటిల్‌కి శాండ్‌విచ్‌ల వాసన వస్తుంది, శాండ్‌విచ్‌లు రావు.

కొన్నాళ్ళకి స్తంభం మీదికి తీగ పాకి బాణం కనపడకుండా కమ్ముకుంది. ఒకరోజు మేబెల్ పిల్లల్లో అన్నిటికంటే చిన్నది, బటన్, దారిలో పురుగు వెంట పడి వెనకబడిపోయింది. చీలిక దగ్గరికొచ్చి అటూ ఇటూ చూసి, ఏడుపు మొహం పెట్టింది.

"కుడివైపు వెళ్ళు," అంది నెటిల్ గోడ మీంచి.

బటన్ కదల్లేదు.

"నిజంగా కుడివైపే. ఉండు, చూపిస్తా." నెటిల్ తీగంతా గబగబా తినేసింది. పసుపు బాణం బయటపడింది. అది కుడివైపే చూపిస్తోంది.

బటన్ బాణం వంక చూసింది. నెటిల్ వంక చూసింది. మళ్ళీ బాణం వంక చూసింది. "దీన్ని కూడా నువ్వే తిప్పావేమో," అంది.

నెటిల్ నవ్వబోయి నవ్వలేకపోయింది. దానికి చాలా సిగ్గేసింది. తన మాట నమ్మకపోతే పోనీ, తన వల్ల బాణం మాట కూడా నమ్మకుండా పోయింది.

"అయితే ఏం చేద్దాం?" అని అడిగింది.

బటన్ కాస్త ఆలోచించింది. "నువ్వు ముందు నడు," అంది.

నెటిల్ గోడ దూకి ముందు నడిచింది. జనాన్ని అన్నిసార్లు అటూ ఇటూ తిప్పిందే కానీ, అది ఎప్పుడూ ఆ దారిన పోలేదు. వెనక బటన్ చాలా దూరంగా వస్తోంది. నెటిల్ తుమ్మితే ఆగుతోంది. నెటిల్ వెనక్కి తిరిగితే ఆగుతోంది. అందుకని నెటిల్ తుమ్ము ఆపుకుని, తల తిప్పకుండా నడిచింది.

గేటు వచ్చింది. తీసి, బటన్ దాటేదాకా నిలబడి, మళ్ళీ మూసింది. మలుపు తిరిగేసరికి చెరువు కనిపించింది. నీళ్ళు, గట్టు మీద టీ కొట్టు, మేబెల్, మిగతా పిల్లలు.

అప్పుడు బటన్ పరుగున వచ్చి నెటిల్ పక్కన చేరింది. మిగిలిన ఆ కాస్త దూరం రెండూ పక్కపక్కనే నడిచాయి.

నీతి: ఇతరుల్ని తప్పుదారి పట్టించినవాళ్ళు నిజం చెప్పినా ఎవరూ నమ్మరు, మళ్ళీ నమ్మకం కావాలంటే తామే ముందు నడిచి చూపించాలి.