మూడు నోళ్ళ చాటింపు

అనగనగా ఒకానొక ఊళ్ళో, ఊఁ కొడుతున్నావా చిట్టీ, కోటమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమెకున్నదల్లా ఒక గేదె, దాని దూడ. పాలమ్ముకుని బతికేది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఏ కబురైనా మూడు నోళ్ళు చెబితేనే చాటింపు వేసే పోతులయ్య డప్పు కొట్టి చాటేవాడు. ఆయన చాటాడంటే ఊరంతా నమ్మేసేది.

ఒకరోజు, కోటమ్మ దగ్గర పాలు పోయించుకునే రత్తాలు కూతురు పచ్చి మామిడికాయలు తెగ తిని వాంతులు చేసుకుంది. పిల్లను చూసుకోలేదని నలుగురూ అంటారేమోనని రత్తాలుకి నామోషీ. అప్పుడే పెరుగు తోడు కోసం ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. "కోటమ్మ పాలు తాగాకే దీనికిలా అయింది" అనేసింది రత్తాలు. ఎంత సులువుగా అనేసిందో చూడు!

ముగ్గురూ తోడుతోపాటు ఆ మాటా పట్టుకెళ్ళారు. మొదటావిడ ఆ గేదె పాలు చెడ్డవంది. రెండో ఆవిడ గేదెకు జబ్బంది. మూడో ఆవిడ ఆ జబ్బు ఊళ్ళో గొడ్లన్నిటికీ అంటుకుంటుందంది.

ఆ తర్వాత ముగ్గురి మాటా విని పోతులయ్య వేళ్ళు మడిచాడు. ఒకటి, రెండు, మూడు. సరిపోయింది! ఆ ముగ్గురికీ ఎవరు చెప్పారని మాత్రం అడగలేదు, మొద్దు వెధవ. డప్పు కొట్టేశాడు.

అప్పుడు జనం కర్రలు పట్టుకొచ్చి గేదెను అడవిలోకి తరిమేశారు. కోటమ్మ కాళ్ళావేళ్ళా పడింది. ఒక్కరూ వినలేదు.

కోటమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. కొంగు బిగించి ఆ ముగ్గురి గుమ్మాల్లోనూ నిలబడింది. "నువ్వు నీ కళ్ళతో చూశావటే?" అని నిలదీసింది.

"నేను చూళ్ళేదమ్మా, రత్తాలు చెప్పింది" అంది ఒకత్తె. రెండోదీ అదే మాట, మూడోదీ అదే మాట. మూడు నోళ్ళెక్కడివి? ఉన్నది ఒక్క నోరే!

కోటమ్మ వెళ్ళి అడిగేసరికి రత్తాలు తల వంచుకుని మామిడికాయల సంగతి ఒప్పుకుంది. ఆ తర్వాత పోతులయ్య మళ్ళీ డప్పు కొట్టి నిజం చాటాడు. వినడానికి ఎంతమంది వచ్చారనుకున్నావ్? నలుగురు. కర్రలు పట్టుకొచ్చిన వాళ్ళంతా ఇళ్ళల్లో అన్నాలు తింటున్నారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

కోటమ్మ మూడు రోజులు అడవంతా గాలించింది. గేదె దొరకలేదు.

అప్పుడు రత్తాలు చెంబుతో పాలు తెచ్చింది. "తప్పయిపోయింది వదినా, దూడకు పట్టు" అంది. దూడ ఆకలితో అరుస్తోంది కాబట్టి కోటమ్మ చెంబు అందుకుంది.

"నేను క్షమించానని మాత్రం ఊళ్ళో చెప్పకు" అంది. "చెబితే అదీ అబద్ధమే."

కథ కంచికి పోయింది,
కునుకు మనింటికొచ్చింది,
కోటమ్మ గేదె మాత్రం
కొట్టానికి రానేలేదు.