బుర్రా వారు బిందెలతో గాలి మోసిన వైనం

చింతలవాడలో బుర్రా వారిల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. చూపిస్తూ నవ్వుతారు. ఆ నవ్వు అభిమానమని బుర్రా వారి నమ్మకం.

"ఇంటిపేరులోనే బుర్ర ఉంది. ఊళ్ళో ఇంకెవరికుందిరా?" అనేవాడు పెద్దవాడు కోటిలింగం.

"ఎవరికీ లేదన్నయ్యా. నేను వాకబు చేశాను," అనేవాడు తమ్ముడు శోభనాద్రి.

పెళ్ళితో తనకీ బుర్ర వచ్చిందని కోటిలింగం భార్య నాంచారమ్మ మురిసిపోయేది.

ఆ ఇంట్లోకి కొత్తగా కిరసనాయిలు స్టవ్వు వచ్చింది. కొద్దిరోజులు బాగానే మండింది. ఆ తర్వాత పసుపుపచ్చ మంట, పైన నల్లటి పొగ, గిన్నెల అడుగున ఇంత మందాన మసి. తోమలేక నాంచారమ్మ చేతులు పడిపోయాయి.

కోటిలింగం మేనకోడలు మాణిక్యం ఆ ఊరి బళ్ళోనే సైన్సు టీచరు. తల్లి పోతే నాంచారమ్మే ఎత్తుకుని పెంచింది. బడికి వెళుతూ దారిలో ఆగి వంటింట్లోకి తొంగి చూసింది.

"కిరసనాయిలు పూర్తిగా మండట్లేదత్తా. మంటకి గాలి చాలట్లేదు. ప్రాణవాయువు సరిగ్గా అందితే మంట నీలంగా వస్తుంది, మసి కట్టదు. కాస్త మంచి గాలి అందేలా చూడండి. మధ్యాహ్నం వచ్చి వత్తులు నేను సరిచేస్తాలే," అని వెళ్ళిపోయింది.

అంతే. బుర్రా వారి బుర్రలు పనిలోకి దిగాయి.

శోభనాద్రి విసనకర్ర పట్టుకుని మంట ఎదురుగా బాసింపట్టు వేసుకుని విసిరాడు. మంట ఆరిపోయింది.

"కడుపు నిండినట్టుంది వదినా. చాలంటోంది."

"దాని కడుపు నిండితే ఎలాగయ్యా, నా పప్పు ఉడకొద్దూ?" అంది నాంచారమ్మ. మంట నీలంగా రావాలన్న మాట గుర్తొచ్చి, బట్టలకి పెట్టే నీలిమందు తెచ్చి కిరసనాయిల్లో కలిపేసింది. ఇంకేముంది, మంట పసుపుగానే ఉంది, ఆవిడ చేతులు మోచేతుల దాకా నీలమయ్యాయి.

కోటిలింగం గడ్డం గోక్కున్నాడు. "అమ్మాయి ఏమంది? మంచి గాలి అంది. మనింట్లో గాలి మన తాతల నాటిది. అందరం పీల్చి వదిలిందే. ఎంగిలి గాలి మంటకెలా పెడతాం?"

"మరి మంచి గాలి ఎక్కడుందన్నయ్యా?"

"కాలవగట్టు మీద. ఊరంతా గాలి కోసం అక్కడికే పోతారుగా!"

అన్నదమ్ములు చెరో ఇత్తడి బిందె తీసుకుని గట్టెక్కారు. గాలికి ఎదురుగా బిందెలు పట్టి, మూతులకి గుడ్డలు బిగించారు. కోటిలింగం తన బిందె ఎత్తి చూశాడు.

"తేలిగ్గా ఉందిరా. నిండలేదేమో."

"నొక్కి నింపానన్నయ్యా, ఇంక పట్టదు."

"అయితే ఒలక్కుండా నడు."

ఇల్లు చేరగానే కోటిలింగం కేక పెట్టాడు. "తలుపులు వెయ్యవే! ఇంత కష్టపడి తెచ్చిన గాలి పక్కింటి పొయ్యిలోకి పోతే?"

తలుపు గడియ పడింది. కిటికీలు మూశారు. సందుల్లో పాత చీరలు కుక్కారు. స్టవ్వు వెలిగించి, బిందెలు దాని పక్కన జాగ్రత్తగా వంచారు.

కాసేపటికి కిటికీ అద్దాలకి చెమటలు పట్టాయి. మంట చిన్నబోయింది.

"కొత్త గాలి కదా, సిగ్గుపడుతోంది," అన్నాడు శోభనాద్రి. తర్వాత నుదురు పట్టుకున్నాడు. "అన్నయ్యా, తల బరువెక్కుతోంది."

"నాకూ అంతే. తెలివి నిండుతోందిరా. కదపకు."

నాంచారమ్మ పీట మీద నుంచి పక్కకి ఒరిగిపోయింది.

"వదినకి ఎక్కువ పట్టేసింది," అంటూ శోభనాద్రి కూడా గోడకి జారిపోయాడు.

ఇంతలో మాణిక్యం వచ్చి తలుపు తట్టింది. లోపలినుంచి కోటిలింగం గొంతు, నూతిలోంచి వచ్చినట్టు, "తియ్యకూడదమ్మా. గాలి పోతుంది," అంది.

మాణిక్యం తలుపు తోసి చూసింది, రాలేదు. అరుగు మీది రోకలి తీసి కిటికీ అద్దం బద్దలుకొట్టింది. చెయ్యి లోపలికి పెట్టి పక్కనున్న తలుపు గడియ లాగింది. ముందు అత్తని ఈడ్చుకొచ్చి పెరట్లో పడుకోబెట్టింది. తర్వాత మావయ్యలిద్దరినీ. చెయ్యి కోసుకుపోయి నెత్తురు కారుతున్నా చూసుకోలేదు.

"అత్తా! కళ్ళు తెరువత్తా! నన్ను చూడు!"

చాలాసేపటికి నాంచారమ్మ కళ్ళు తెరిచింది. "పప్పు దించావా?" అంది.

మాణిక్యం ఆవిడ మెడ కావిలించుకుని ఒక్కసారిగా ఏడ్చేసింది. ఏడ్చాక కోపం వచ్చింది.

"గది మూసేస్తే ప్రాణవాయువు తరిగిపోతుంది మావయ్యా! కిరసనాయిలు అరకొరగా మండి విషవాయువు పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. ఇంకాసేపయితే ముగ్గురూ నాకు దక్కేవాళ్ళు కాదు! ఇకనుంచి తలుపులు బార్లా తీసి వండండి. గాలి దండిగా ఉండి బాగా మండితే వచ్చేది బొగ్గుపులుసు వాయువూ, నీళ్ళూ. అంతే!"

"ఇంత సులువా!" అన్నారు ముగ్గురూ.

ఆమె వత్తులు సరిచేసి స్టవ్వు వసారాలో పెట్టించింది. మంట చక్కగా నీలంగా వచ్చింది. బతికించిన పిల్లకి విందు చెయ్యాలని మర్నాడు భోజనానికి పిలిచారు. కంచంలో అన్నం వడ్డించి, నాంచారమ్మ గరిటెతో నల్లటిదేదో పోసింది. అందులో ముక్కలు ఠంగుమన్నాయి.

"ఇదేమిటత్తా?"

"బొగ్గుపులుసు. బాగా మండితే వస్తుందన్నావు గదా, ఎంతసేపు చూసినా రాలేదు. చింతపండు, బెల్లం, మెంతులు వేసి నేనే పెట్టేశాను."

"ముక్క మెత్తబడలేదు గానీ, పులుపు బ్రహ్మాండం!" అన్నాడు కోటిలింగం, నల్లటి పళ్ళన్నీ కనబడేలా.

పోపు ఘాటుకి మాణిక్యానికి పొలమారింది. "నీళ్ళు... నీళ్ళు!" అంది దగ్గుతూ.

వసారాలోంచి శోభనాద్రి కేకేశాడు. గుడ్డతో గ్లాసు బోర్లించి మంట మీద పట్టుకుని ఉన్నాడు.

"వస్తున్నాయమ్మాయ్! ఒక చుక్క పట్టింది. గ్లాసు నిండేదాకా నువ్వు పులుసు కలుపుకుంటూ ఉండు!"