కోతి వేసిన ముడులు

వాగు ఒడ్డున ఓ జామచెట్టు ఉంది. నాటింది చుక్కమ్మ అనే మేక. ఎండాకాలమంతా వాగునీళ్లు పుక్కిట పట్టి తెచ్చి పోసి బతికించింది. కాయలు తినేది మాత్రం కోతి! చెట్టు నిటారుగా పైకి పోయింది, కాసే నాలుగు కాయలూ చిటారునే కాసేవి. చుక్కమ్మ పిల్లలు రెండూ కింద నిలబడి, కోతి కొరికి పడేసే ముక్కల కోసం మెడలు సాచేవి. అది చూస్తే తల్లికి కడుపు రగిలిపోయేది.

ఓ పొద్దున ఆ చెట్టు కిందే మేస్తున్న ఎద్దు దగ్గరికెళ్లి మొర పెట్టుకుంది. “అన్నా, ఈ ఏడైనా నా పిల్లలకు ఓ కాయ దక్కే దారి చెప్పవా?”

“కొమ్మలు వంచాలి చెల్లీ. నేలలో గూటాలు నేను దిగ్గొడతా, కొమ్ములతో కొమ్మలు లాగి పట్టుకుంటా. ముదురాకులు నువ్వు మేసెయ్, కొసాకులు వదిలెయ్. లోపలికి ఎండ దిగితే కణుపు కణుపుకూ చిగురొస్తుంది, చిగురుకు పూతొస్తుంది.”

“మరి గూటాలకు కట్టేదెవరు? మనకు చేతులా పాడా!”

చెట్టు పైనుంచి కోతి పకపకా నవ్వింది. “నేను కడతాలే అత్తా! నడిమి నిలువు కొమ్మ మాత్రం నాది, వంచినవన్నీ నీవి. మాట తప్పినవాళ్లు మళ్లీ ఈ చెట్టు ముట్టకూడదు. సరేనా?”

“సరే అల్లుడూ.”

వంచిన కొమ్మలు ఎండిపోతాయి, చెట్టు బలమంతా తన కొమ్మకే వస్తుందని కోతి ఎత్తు. ఎద్దు చెప్పింది చెవిన పెడితేగా! ఈల వేసుకుంటూ ఒక్కో కొమ్మనూ గూటానికి తాడుతో కట్టి, బిగించి బిగించి ముడులు వేసింది.

నెల తిరిగేసరికి నిలువు కొమ్మ బారెడు పెరిగింది.

“చూశావా అత్తా, నా కొమ్మ ఏపు!”

“చూస్తున్నాలే నాయనా.”

ఇంకో నాలుగు నెలలకు వంచిన కొమ్మలు నేలబారున విరగగాశాయి, సరిగ్గా మేకపిల్లల మూతికి అందేంత ఎత్తులో. కోతి తన కొమ్మ ఎక్కి చూసుకుంది. అంతా ఆకే. కాయలు రెండు, అందులో ఒకటి చిలక కొట్టింది.

గబగబా కిందికి దూకింది. “అత్తా, పంపకం మార్చుకుందాం!”

“మాట నీదే కదా అల్లుడూ.”

“అయితే నా ముడులు నేను విప్పుకుంటా!” అంటూ ఒక తాడు పీకి పారేసింది. కొమ్మ లేవలేదు. ఎప్పుడో ఆ వంపుకు అలవాటు పడిపోయింది.

“మాట తప్పావు,” అంటూ ఎద్దు కొమ్ములు దించి ముందుకొచ్చింది. “ఇక నిలువు కొమ్మ కూడా నీది కాదు.”

కోతి వాగు దాటి పరుగెత్తింది. మేకపిల్లలు తలెత్తి కూడా చూడలేదు, వాటి నోటినిండా జామకాయే.

చెప్పింది వినకుండా నవ్వేవాడు తన నోటికి తానే ముడి వేసుకుంటాడు.