పటంలో పెళ్ళికొడుకు

కొండవాక దొర పెళ్ళిచూపులకు రాడు, తన పటం పంపిస్తాడు. పిల్ల ఆ పటానికే దండ వెయ్యాలి. అది వాళ్ళ వంశాచారం.

పటం చూడగానే గానుగ సూరయ్య కూతురు నూకాలు గుండె గంతులేసింది. కోరమీసం, ఒత్తయిన జుట్టు, పాతికేళ్ళ పడుచు మొహం! దండ వేసి, పటం ఒళ్ళో పెట్టుకుని మేళతాళాలతో పల్లకీ ఎక్కేసింది.

కోటలో సభ నిండుగా ఉంది. గద్దె మీద బోసినోటి ముసలాయన పెళ్ళిబట్టల్లో కూర్చున్నాడు. నూకాలుకి విషయం అర్థమైపోయింది. చరచరా వెళ్ళి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది.

“మావయ్యగారూ, దీవించండి! మీ అబ్బాయిగారేరీ?”

సభలో ఎవరో కిసుక్కుమన్నారు.

“పటంలో ఉన్నది నేనే!” అని దొర గర్జించాడు.

నూకాలు చెవులు మూసుకుంది. “అయ్యో, తమరు దొంగ పటం పంపారని నేను నమ్మను! ఈ పటంలో ఆయన ఎక్కడో ఉండే ఉంటారు. రాగానే కబురు పెట్టండి, పరుగెత్తుకొస్తాను. అందాకా పుట్టింట్లో ఉంటాను.”

కాదంటే దొంగ పటమని సభలో ఒప్పుకోవాలి. దొర గొంతు సవరించుకుని పల్లకీ తెమ్మన్నాడు.

నూకాలు పటాన్ని చంకన పెట్టుకుంది.

“అదెందుకూ?” అన్నాడు దొర.

“మా ఆయన కదండీ!”